ఆస్పత్రిలో జరిగిన తప్పుల లెక్క ఎవరి దగ్గర ఉంటుంది?

నీలిగన్నేరు
మా అమ్మకి గాల్‌బ్లాడర్‌లో రాళ్లు. కీహోల్ ఆపరేషన్, మర్నాడే ఇంటికెళ్లిపోవచ్చు అన్నారు. అలాగే పంపించేశారు. వారం తిరక్కుండా కళ్లు పచ్చబడ్డాయి, జ్వరం, కడుపునొప్పి. ఇంకో ఆస్పత్రికి తీసుకెళ్తే బైల్ డక్ట్‌కి, అంటే లివర్ నుంచి పైత్యం వచ్చే గొట్టానికి, క్లిప్పు పడిందన్నారు. మళ్లీ కడుపు కోసి పెద్ద ఆపరేషన్ చెయ్యాల్సొచ్చింది.

మొదటి ఆస్పత్రికి వెళ్లి అడిగాను. గొడవ పెట్టుకోడానికి కాదు. ఈ డాక్టరుగారి చేతిలో ఇంతకుముందు ఇలా ఎంతమందికి జరిగింది? మా అమ్మకి జరిగింది మీ లెక్కలో ఎక్కిందా? మొదటిదానికి "ఇలాంటివి జరుగుతుంటాయమ్మా, మీరు సంతకం పెట్టిన కాగితంలో ఉంది కదా" అన్నారు. రెండోదానికి జవాబే లేదు. డిశ్చార్జి సమ్మరీలో "ఆపరేషన్ సజావుగా జరిగింది" అని ఉంది. అంటే వాళ్ల కాగితాల్లో మా అమ్మ ఇవాళ్టికీ ఒక సక్సెస్ కేసే.

డబ్బు కోసం అడగట్లేదు. ఈ లెక్క ఎవరైనా రాస్తారా అసలు?

కందిరీగ
రాస్తారండీ, బిల్లులో. దూది ఉండతో సహా ఒక్కటీ మర్చిపోరు.

నత్తగుల్ల
అమ్మగారు ఇప్పుడెలా ఉన్నారు?

నీలిగన్నేరు
లేచి నడుస్తోంది. పక్కన పెట్టిన డ్రెయిన్ గొట్టం ఇంకా తియ్యలేదు.

కుట్లుఅల్లికలు
నేనూ ఈ ఆపరేషన్ చేసేవాణ్ణే. తిట్లు తినడానికి సిద్ధపడే రాస్తున్నా. గాల్‌బ్లాడర్ బాగా వాచిపోయి, చుట్టూ అంతా అతుక్కుపోయి ఉంటే ఏది సిస్టిక్ డక్టో (గాల్‌బ్లాడర్ నుంచి వచ్చే చిన్న గొట్టం, కొయ్యాల్సింది దాన్నే) ఏది బైల్ డక్టో తేల్చుకోవడం చెయ్యి తిరిగినవాళ్లకీ కష్టమే. గాయం అయింది కాబట్టి నిర్లక్ష్యమే అని నేననను. కానీ అనుమానం వచ్చినప్పుడు చెయ్యదగ్గవి ఉన్నాయి. సీనియర్‌ని పిలవొచ్చు, కీహోల్ ఆపేసి కడుపు తెరవొచ్చు, గాల్‌బ్లాడర్ కొంత భాగం లోపలే వదిలేసి బయటపడొచ్చు. అవేమైనా చేశారా అన్నది మీరు అడగాల్సిన ప్రశ్న. దానికి జవాబు డిశ్చార్జి సమ్మరీలో దొరకదు, ఆపరేషన్ నోట్‌లో ఉండాలి. అది విడిగా అడిగి తీసుకోండి.

ఇంకోటి. మీరంతట మీరు వెళ్లి చెప్పకపోతే ఆ సర్జన్‌కి ఈ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు. మళ్లీ రాని పేషెంటు బాగైపోయి ఉంటాడులే అనుకోవడం మా అందరికీ అలవాటే.

కందిరీగ
"అలవాటే" అని ఎంత తేలిగ్గా అనేశారు గురువుగారూ! ఫోన్ చేసి కనుక్కోడానికి ఏం అడ్డమొచ్చింది? చెకప్ ప్యాకేజీ మీద తగ్గింపు ఉందని మాత్రం నెలనెలా మెసేజ్ పెడతారే.

మూడోబెంచి
కనుక్కోవాల్సిందే అని వందేళ్ల కిందటే ఒకాయన పట్టుబట్టాడు. ఏమయ్యాడో వినండి.

ఎర్నెస్ట్ కాడ్‌మన్ అని బోస్టన్‌లో, మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ సర్జన్. ప్రతి రోగినీ ఏడాది తర్వాత మళ్లీ చూడాలి, నయమైందా లేదా, కాకపోతే ఎందుకు కాలేదు, అది రాసిపెట్టాలి, రాసింది అచ్చువెయ్యాలి అన్నాడు. దానికి "ఎండ్ రిజల్ట్" అని పేరు పెట్టాడు. ప్రమోషన్లు కూడా వయసును బట్టి కాకుండా ఫలితాలను బట్టి ఇమ్మన్నాడు. పెద్దవాళ్లు ససేమిరా అన్నారు. 1914లో రాజీనామా చేశాడు. మరుసటి ఏడాది వైద్యుల సభలో ఒక పెద్ద కార్టూన్ పెట్టించాడు: ఊళ్లో డబ్బున్నవాళ్లు నిప్పుకోడిలా ఇసకలో తలదూర్చుకుని డాక్టర్లకి బంగారు గుడ్లు పెడుతున్నట్టు. దాంతో మిగిలిన స్నేహితులు కూడా దూరమయ్యారు.

ఆయనకో చిన్న సొంత ఆస్పత్రి ఉండేది. 1911 నుంచి 1916 దాకా అక్కణ్ణించి డిశ్చార్జి అయిన 337 మంది కేసుల్లో 123 పొరపాట్లు జరిగాయని లెక్కతేల్చి, తనే అచ్చేసి పంచిపెట్టాడు. తర్వాత డబ్బుల్లేక ఆస్పత్రి మూతపడింది. 1940లో పోయాడు. సమాధి మీద పేరు చెక్కిన రాయి 2014 దాకా లేదు.

కందిరీగ
నిజం అచ్చేసినవాడిది మూతపడింది, "సజావుగా జరిగింది" అని రాసేవాళ్లు అంతస్తు మీద అంతస్తు వేస్తున్నారు. అర్థమైంది.

వాయిదాలరావు
నీలిగన్నేరు గారూ, మీకు కావలసింది కోర్టులో దొరకదు. నేను ఆ వృత్తిలోనే ఉన్నాను కాబట్టి చెబుతున్నా. కేసు వేస్తే ఆ ఒక్క ఆపరేషన్ గురించే వాదన నడుస్తుంది, మిగతా పేషెంట్ల సంగతి ఎవరూ తెరవరు. నోటీసు అందిన రోజు నుంచి అవతలివాళ్లు నోరు మెదపరు. మెదపొద్దని సలహా ఇచ్చేది కూడా మా బోటివాళ్లమే.

అమెరికాలో హార్వర్డ్ వాళ్లు న్యూయార్క్ రాష్ట్రం ఆస్పత్రుల 1984 నాటి రికార్డులు 30,000కి పైగా తిరగేశారు. 1991లో అచ్చయింది. ఆస్పత్రిలో చేరినవాళ్లలో 3.7 శాతం మందికి జబ్బు వల్ల కాకుండా వైద్యం వల్లే హాని జరిగింది. అందులో నాలుగో వంతుకు పైగా నిర్లక్ష్యం. ఆ నిర్లక్ష్యానికి గురైనవాళ్లలో కేసు దాకా వెళ్లినవాళ్లు 2 శాతం కూడా లేరు. ఇంకో పక్క, పడిన కేసులు తీసి చూస్తే చాలావాటిలో నిర్లక్ష్యం కనబడలేదు. దావాల సంఖ్య చూసి ఆస్పత్రి మంచిదో చెడ్డదో చెప్పలేం.

తూనీగ
అలాగని కేసులే వద్దంటే ఎలా? మా అన్నయ్య కేస్‌షీట్ నోటీసు వెళ్లాకే బయటికొచ్చింది. అప్పటిదాకా రికార్డు రూముకి తాళం, తాళం ఉన్న మనిషి సెలవు, సెలవు నుంచి వచ్చాక కంప్యూటర్ పనిచెయ్యదు.

వాయిదాలరావు
వద్దనలేదు తూనీగ గారూ. రికార్డుల నకలు నోటితో అడగొద్దు, కాగితం మీద రాసివ్వండి. ఇచ్చినట్టు ముద్ర వేయించుకోండి. తారీఖుతో ఒక కాగితం మీ చేతిలో ఉంటే తాళాలు వాటంతటవే దొరుకుతాయి.

పండువెన్నెల
ఇంత తిప్పలెందుకు? ఏ సర్జన్ ఎన్ని చేశాడు, ఎంతమంది పోయారు, ఎంతమందికి తేడా కొట్టింది, పేర్లతో సహా నెట్‌లో పెట్టేస్తే పోలే!

కందిరీగ
నా మాట మీరు చెప్పారు.

సగటుమనిషి
పెట్టేముందు ఒక చిన్న లెక్క చూడండి. ఒక ఆపరేషన్‌లో ప్రాణం పోయే అవకాశం 2 శాతం అనుకుందాం. సర్జన్లందరూ సమానమైన నేర్పున్నవాళ్లే, తలా ఏడాదికి 100 ఆపరేషన్లు చేస్తారు. ఒక సర్జన్‌కి ఆ ఏడాది ఒక్క మరణం కూడా లేకపోయే అవకాశం 13 శాతం. నలుగురు గానీ అంతకన్నా ఎక్కువమంది గానీ పోయే అవకాశం 14 శాతం. అంటే ప్రతి ఏడుగురిలో సుమారుగా ఒకరు ఏ గొప్పతనమూ లేకుండా దేవుడైపోతారు, ఇంకొకరు ఏ పాపమూ చెయ్యకుండా యముడైపోతారు. మరుసటి ఏడాది పేర్లు తారుమారు.

బైల్ డక్ట్ గాయాలు ఇంకా అరుదు, వెయ్యికి కొన్ని. ఒక్క మనిషి లెక్క తీస్తే అందులో తేలేది తక్కువ. యూనిట్ మొత్తానిది, కొన్నేళ్లది కలిపి తియ్యాలి. ఎవరి దగ్గరికి ఎంత ముదిరిన కేసులు వచ్చాయో కూడా సర్దుబాటు చెయ్యాలి.

కందిరీగ
అంటే ఎవర్నీ ఏమీ అనడానికి లేదన్నమాట. డాక్టర్ల సంఘం మీకు శాలువా కప్పాలి.

సగటుమనిషి
ఒక్క ఏడాది పట్టిక చూసి అనకండి అంటున్నా. అసలు రాయడమే మానేస్తే పదేళ్లయినా ఏమీ అనలేరు. నేనడిగేది ఇంకా ఎక్కువ రాయమని. శాలువా మీరే ఉంచుకోండి.

కుట్లుఅల్లికలు
పేర్లతో పెడితే ఏమవుతుందో చూశారు కూడా. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం గుండె బైపాస్ సర్జన్ల మరణాల రేట్లు అచ్చేసింది. తర్వాత అక్కడి డాక్టర్లని అడిగారు, 1996లో వచ్చిందా సర్వే. బాగా ముదిరిన రోగులకి సర్జన్ దొరకడం కష్టమైపోయిందన్నారు గుండె డాక్టర్లలో 59 శాతం మంది. సర్జన్లలో 63 శాతం మంది అలాంటివాళ్లకి చెయ్యడానికి మునుపటంత ఇష్టపడట్లేదని వాళ్ల నోటితోనే ఒప్పుకున్నారు. పట్టికలో పేరు బాగుండాలంటే సులువైన దారి ఒకటుంది: పోయేలా ఉన్నవాణ్ణి "మా దగ్గర సౌకర్యాల్లేవు" అని ఇంకోచోటికి పంపెయ్యడం. ఆ పంపించబడినవాడు మీ నాన్నగారే అయితే అప్పుడు పట్టిక గురించి ఏమంటారో.

కందిరీగ
ఇప్పుడు మాత్రం పంపట్లేదా సార్? ఆఖరి గంటలో అంబులెన్సులో ఎక్కించేది ఎందుకు మరి? పట్టిక లేనప్పుడు కూడా జరుగుతున్నదాన్ని పట్టిక మీదకి తోస్తున్నారు.

కుట్లుఅల్లికలు
జరుగుతోంది. కాదనను. పట్టిక వస్తే ఇంకా పెరుగుతుంది అంటున్నా.

మూడోబెంచి
రెండో వైపు కూడా చూద్దాం. న్యూయార్క్ వాళ్లు 1989లో బైపాస్ లెక్కలు సేకరించడం మొదలుపెట్టారు. రోగి తీవ్రతను సర్దుబాటు చేసి చూస్తే 1989లో 4.17 శాతం ఉన్న మరణాలు 1992కి 2.45కి దిగాయి. ఇందులో నిజంగా బాగుచేసుకున్నదెంత, కుట్లుగారు చెప్పినట్టు కేసులు తప్పించుకున్నదెంత అన్నదాని మీద పండితులు ఇంకా కొట్టుకుంటున్నారు.

లెక్క లోపలే తొక్కిపెడితే ఏమవుతుందో ఇంగ్లండ్‌లో బ్రిస్టల్ చెబుతుంది. పసిపిల్లల గుండె ఆపరేషన్లు. స్టీఫెన్ బోల్సిన్ అనే మత్తు డాక్టరు మరణాలు మరీ ఎక్కువగా ఉన్నాయని సొంతంగా లెక్కలు కట్టి, పైవాళ్లకి చెబుతూ వచ్చాడు. వినిపించుకోలేదు సరికదా ఆయన చివరికి ఆస్ట్రేలియా వెళ్లిపోవాల్సొచ్చింది. 2001లో విచారణ నివేదిక వచ్చింది. 1991 నుంచి 1995 మధ్య ఏడాది లోపు పిల్లలు, మామూలు యూనిట్‌లో పోయేదానికన్నా 30 నుంచి 35 మంది ఎక్కువ పోయారని. అక్కడ సంఖ్యలు లేకపోవడం సమస్య కాలేదు. చూసి ఆపే అధికారం, ఆపే మనసు రెండూ ఉన్నవాడు లేకపోయాడు.

నత్తగుల్ల
ఈ పిల్లల సంగతి చదివాక ఇంకేం రాయాలనిపించట్లేదు.

పండువెన్నెల
మరి ఆ పెన్సిల్వేనియా పట్టిక జనం చూశారా? చూసి డాక్టర్ని మార్చారా?

మూడోబెంచి
అదీ అడిగారు. బైపాస్ చేయించుకున్నవాళ్లలో ఆపరేషన్‌కి ముందే అలాంటి పుస్తకం ఉందని తెలిసినవాళ్లు 12 శాతం. తమ సర్జన్‌కి ఏ రేటింగ్ వచ్చిందో సరిగ్గా చెప్పగలిగినవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు.

కందిరీగ
గుండె పట్టుకుని పడిపోయినవాడు పట్టిక తిరగేస్తాడా ఎక్కడైనా!

సగటుమనిషి
ఈ ఒక్క విషయంలో మీతో ఏకీభవిస్తున్నా. పట్టిక పేషెంటు కోసం అనుకోవడమే పొరపాటు. పక్క ఆస్పత్రి వాళ్లు చూస్తారు, యాజమాన్యం చూస్తుంది, లైసెన్సు ఇచ్చేవాళ్లు చూడాలి. పరువు పోతుందన్న భయం వాళ్ల మధ్యే పనిచేస్తుంది.

తోకచుక్క
జనం చూసేది నెట్‌లో చుక్కలు. మా ఇంటి దగ్గర ఆస్పత్రికి నాలుగున్నర. చదివితే సగం "పార్కింగ్ బాగుంది", "రిసెప్షన్‌లో అమ్మాయి నవ్వుతూ మాట్లాడింది". ఒకాయన ఒకే ఒక చుక్క ఇచ్చాడు, ఏంటా అని ఆత్రంగా చూస్తే వైఫై రావట్లేదట.

నత్తగుల్ల
పోయినవాళ్లు రివ్యూ రాయరుగా.

రాత్రిడ్యూటీ
ఇంతసేపూ డాక్టరు, డాక్టరు అంటున్నారు. నేను నర్సుని. ఆపరేషన్ అయ్యాక పేషెంటు మిగతా ఇరవై రెండు గంటలు ఎవరి చేతిలో ఉంటుంది? జ్వరం ఎక్కుతోందని, నాడి తగ్గుతోందని ముందు చూసేది మేము. రాత్రిపూట వార్డు మొత్తానికి ఇద్దరం ఉంటే, ఒకరు ఐసీయూకి పిలిస్తే వెళ్లిపోతే, మిగిలిన ఒక్కత్తి ఎంతమందిని చూస్తుంది? పెన్సిల్వేనియా ఆస్పత్రుల మీదే 2002లో ఇంకో అధ్యయనం వచ్చింది. సర్జరీ వార్డుల్లో ఒక్కో నర్సుకి ఒక్కో పేషెంటు పెరిగేకొద్దీ 30 రోజుల్లో చనిపోయే ముప్పు 7 శాతం చొప్పున పెరిగిందని. సర్జన్ పేరు పక్కన మరణాలు రాస్తారు సరే, ఆ రాత్రి డ్యూటీలో ఎంతమంది నర్సులు ఉన్నారో కూడా పక్కనే రాయండి. ఆ అంకె మాత్రం ఏ యాజమాన్యమూ బయటపెట్టదు, ఎందుకంటే అది డాక్టరు తప్పు కాదు, వాళ్ల తప్పు.

నీలిగన్నేరు
ఇది నాకు తట్టనే లేదండీ. అమ్మని ఇంటికి పంపే రోజు పొద్దున్నే కడుపు ఉబ్బరంగా ఉందని ఒక నర్సుకి చెప్పింది. ఆ అమ్మాయి "డాక్టరుగారికి చెబుతా" అని వెళ్లింది. తర్వాత షిఫ్టు మారిపోయింది.

రాత్రిడ్యూటీ
అక్కడే జారిపోయి ఉంటుంది. నర్సింగ్ నోట్స్ కూడా అడగండి. ఆ పిల్ల రాసి ఉంటే డాక్టరుకి చెప్పిందా లేదా తెలుస్తుంది. రాయకపోతే అదీ ఒక సమాచారమే. కానీ దయచేసి ఆ పిల్ల మీదకి వెళ్లకండి. అందరికీ దొరికేది ఎప్పుడూ షిఫ్టులో ఉన్న చిన్న మనిషే.

తప్పు జరిగితే నింపాల్సిన ఫారం మా దగ్గరా ఉంది. తప్పు మందు ఎక్కించబోయి ఆగినా రాయాలని రూలు. నింపినవాళ్లని పిలిచి "నీకెందుకమ్మా ఇది" అంటారు. నెల తిరిగేసరికి ఫారాలు ఉండవు. తప్పులు తగ్గాయని మీటింగులో చప్పట్లు.

కుట్లుఅల్లికలు
రాత్రిడ్యూటీ గారు చెప్పింది అక్షరాలా నిజం. ఫారాలు ఎక్కువ వచ్చే వార్డుని చెడ్డ వార్డు అనుకోవడం మా యాజమాన్యాలకి ఉన్న పెద్ద జబ్బు.

పండువెన్నెల
ఆపరేషన్‌కి ముందు చెక్‌లిస్టు పెడితే అన్నీ తగ్గుతాయని ఎక్కడో చదివానే?

రాత్రిడ్యూటీ
ప్రపంచ ఆరోగ్య సంస్థది. ఎనిమిది దేశాల్లో ఎనిమిది ఆస్పత్రుల్లో పెట్టి చూశారు, 2009లో ఫలితాలు ఇచ్చారు. మరణాలు 1.5 శాతం నుంచి 0.8కి, కాంప్లికేషన్లు 11 నుంచి 7కి తగ్గాయి. బ్రహ్మాండం. తర్వాత కెనడాలో ఒంటారియో రాష్ట్రం మొత్తం అన్ని ఆస్పత్రుల్నీ వాడి తీరాలంది. 101 ఆస్పత్రుల లెక్క 2014లో తీస్తే చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు. నాకేం ఆశ్చర్యం వెయ్యలేదు. మత్తు ఇచ్చేముందు, కోసేముందు, థియేటర్ నుంచి పంపేముందు అని అందులో మూడు భాగాలు. పేషెంటు థియేటర్‌లోకి రాకముందే మూడింటికీ టిక్కులు పడిపోయిన కాగితాలు నేను చూశాను. ఆగి, గట్టిగా చదివి, "ఏ వైపు కిడ్నీ సార్?" అని నర్సు అడిగితే సర్జన్ విసుక్కోకుండా జవాబు చెప్పేచోట అది పనిచేస్తుంది.

కందిరీగ
కుట్లు సార్, మీరు విసుక్కుంటారా?

కుట్లుఅల్లికలు
మా నర్సుని అడగండి. నేను చెబితే నమ్మరుగా.

తోకచుక్క
మా నాన్న విషయంలో ఒకటి చెప్పాలి. రక్తం పలచబడే మందు డోసు ఎక్కువ పడింది. ఆ రాత్రే పెద్ద డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టి "ఇది మా వల్ల జరిగింది, ఇలా జరిగింది, ఇప్పుడు ఇది చేస్తున్నాం" అని చెప్పారు. మా బాబాయి కొట్టడానికి లేచాడు, నిజమే. కానీ ఆ తర్వాత వాళ్లు ఏం చెప్పినా నమ్మగలిగాం. నాన్న ఇంటికొచ్చారు. ఇప్పటికీ అక్కడికే వెళ్తాం.

తూనీగ
మీ నాన్నగారు ఇంటికొచ్చారు కాబట్టి. మా అన్నయ్య విషయంలో కూడా "చాలా బాధపడుతున్నాం" అన్నారు, చేతులు పట్టుకున్నారు. ఏం మార్చారు అని ఆర్నెల్ల తర్వాత అడిగితే ఎవరికీ గుర్తే లేదు. సారీ చెప్పడానికి ఇప్పుడు ట్రైనింగ్ ఇస్తున్నారట, బాగా చెబుతున్నారు.

వాయిదాలరావు
ఇద్దరిదీ నిజమే. న్యూజీలాండ్‌లో 1974 నుంచి వేరే పద్ధతి ఉంది. వైద్యం వల్ల హాని జరిగితే ఎవరి తప్పో తేల్చకుండానే ప్రభుత్వ నిధి నుంచి వైద్య ఖర్చులు, పరిహారం ఇస్తారు. దానికి బదులు నష్టపరిహారం కోసం డాక్టరు మీద దావా వేసే హక్కు ఉండదు. తప్పొప్పులు విచారించడానికి విడిగా కమిషనర్ ఉంటారు. డబ్బునీ తప్పునీ విడదీస్తే డాక్టరు నోరు విప్పడం కొంచెం సులువవుతుంది. కానీ తూనీగ గారు అడిగిన "ఏం మార్చారు" అన్నదానికి జవాబు అందులోనూ దానంతటదే రాదు. ఎవరో ఒకరు ఆర్నెల్ల తర్వాత వెళ్లి అడగాలి, అడిగేవాడికి అధికారం ఉండాలి.

కందిరీగ
ఆ అడిగేవాడు ఆ ఆస్పత్రి జీతం తీసుకోనివాడై ఉండాలి. నా మొదటి పోస్టు నుంచి నేను అంటున్నది ఇదే.

సగటుమనిషి
మీ మొదటి పోస్టులో దూది ఉండ గురించి ఉంది.

కందిరీగ
దాని అంతరార్థం ఇదే.

నీలిగన్నేరు
అందరికీ కృతజ్ఞతలు. ఒక ఉత్తరం రాద్దామనుకుంటున్నా, ఆస్పత్రి సూపరింటెండెంట్‌కి, ఆ సర్జన్‌కి, ఇద్దరికీ. రెండో ఆస్పత్రి రిపోర్టు జతచేసి, ఇది మీ కాంప్లికేషన్ల రిజిస్టర్‌లో ఎక్కించండి, ఎక్కించినట్టు నాకు రాతపూర్వకంగా చెప్పండి, దీని మీద సమీక్ష జరిగితే ఏం తేలిందో తెలపండి అని. ఆపరేషన్ నోట్, నర్సింగ్ నోట్స్ నకళ్లు కూడా అందులోనే అడుగుతా. ఇంకేమైనా చేర్చాలా?

కుట్లుఅల్లికలు
వీడియో అడగండి. కీహోల్ ఆపరేషన్ తెర మీద చూస్తూ చేస్తాం కదా, చాలాచోట్ల రికార్డు చేస్తారు. కొందరు దాచుకుంటారు, కొందరు మెషిన్ నిండగానే చెరిపేస్తారు. అందుకే ఆలస్యం చెయ్యకండి. "రికార్డింగ్ ఉంటే చెరపకుండా భద్రపరచండి" అన్న వాక్యం అందులో ఉండాలి.

వాయిదాలరావు
ఆ వాక్యం రెండో పేరాలో ఉండనివ్వండి, చివర్లో కాదు. చివరి పేరాలు ఎవరూ చదవరు. ఉత్తరం ఇక్కడ పెట్టేముందు డాక్టరు పేరు, ఆస్పత్రి పేరు కొట్టెయ్యండి.

తూనీగ
రిజిస్టర్‌లో ఎక్కించాం అని ఒక్క లైను జవాబు వస్తే దాంతో ఊరుకోకండి. ఆ పేజీ నకలు అడగండి.

కుట్లుఅల్లికలు
వేరే పేషెంట్ల పేర్లు ఉంటాయి కాబట్టి పేజీ ఇవ్వరు, ఇవ్వకూడదు. ఆ ఒక్క ఎంట్రీ వరకు ఇమ్మనండి.

తూనీగ
సరే, ఎంట్రీ. కానీ అడగండి.

పండువెన్నెల
ఇదంతా పళ్ల డాక్టర్లకి కూడా వర్తిస్తుందా? నాకు తియ్యాల్సిన పన్ను ఉంచి పక్కది తీశారు.

కందిరీగ
వేరే థ్రెడ్ తెరవండి మేడమ్, ఏ వైపో ముందే రాయండి.